అన్ని మతాలూ చెప్పేది ఒక్కటేనా? (గొడవ పడకుండా చెప్పండి)

గారకుర్రోడు:
మా ఆఫీసులో టీ తాగుతుంటే సీనియర్ ఒకాయన అన్నాడు, నాగావళి కళ్లేపల్లి దగ్గర కలిసినా వంశధార కళింగపట్నం దగ్గర కలిసినా సముద్రం ఒక్కటే కదా, మతాలూ అంతే అని. అందరూ తలూపారు. నాకు మాత్రం ఎక్కలేదు. దేవుడు ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు అని ఖురాన్ 112వ సూరాలో ఉంది. క్రైస్తవులేమో 325లో నైసియాలో సభ పెట్టుకుని మరీ, కుమారుడూ తండ్రితో సమానమైన దేవుడేనని తేల్చారు. బుద్ధుడైతే సృష్టికర్త జోలికే పోకుండా దుఃఖం పోయే దారి చూసుకోమన్నాడు. ఈ మూడూ ఒకటెలా అవుతాయి?

కంటోన్మెంట్_మాస్టారు:
బాబూ, నువ్వు మాటల దగ్గరే ఆగిపోయావు. ఉన్నది ఒక్కటే, పండితులు పలురకాలుగా చెబుతారని ఋగ్వేదమే అంది. ఒకసారి మా రామతీర్థం రా. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల కట్టడాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు, కింద రాముడి గుడి. ముగ్గురికీ లేని పేచీ నీకెందుకు? ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, పిల్లల్లో అన్ని మతాల వాళ్లూ ఉండేవారు, నాకెప్పుడూ తేడా కనిపించలేదు.

గారకుర్రోడు:
పక్కపక్కన ఉంటే ఒకటైపోతారా మాస్టారూ? మా వీధిలో రెండిళ్ల వాళ్లకి గోడ ఒకటే, పాతికేళ్లుగా మాటల్లేవు. అంతదాకా ఎందుకు, మనలో మనకే కుదరలేదు. శంకరులు జీవుడూ బ్రహ్మమూ ఒకటే అన్నారు. మధ్వాచార్యులు కాదు, ఎప్పటికీ వేరే అన్నారు. ఆయన శిష్యుడు నరహరితీర్థుల శాసనాలు మా శ్రీకూర్మం గుడిలోనే ఉన్నాయి, వచ్చి చూసుకోండి.

వంశధార76:
బుద్ధుడికి దేవుడు లేడా? మరి సాలిహుండం బౌద్ధ మ్యూజియంలో తార, మారీచి దేవతల విగ్రహాలు ఏటి?

గారకుర్రోడు:
అవి తర్వాత వందల ఏళ్లకి వచ్చినవి. పైగా తార ఈ లోకాన్ని సృష్టించిందని బౌద్ధులు అనరు. పూజించడం వేరు, సృష్టికర్త అనడం వేరు. జైనులూ తీర్థంకరులకి పూజ చేస్తారు, సృష్టికర్త మాత్రం లేడంటారు.

వంశధార76:
విగ్రహం పెట్టి దండం పెడితే దేవుడు కాక ఇంకేటి. నేను కళ్లారా చూశాను.

బాబామెట్ట_భాయ్:
మా దర్గాకి వచ్చేవాళ్లలో హిందువులు బోలెడు మంది. ఎవరూ సూరా నంబర్లు అడగరు.

గారకుర్రోడు:
భాయ్, దర్గాకి వెళ్లడమే తప్పు, దేవుణ్ణి తప్ప ఎవరినీ అడగకూడదు అనే ముస్లింలు లేరా?

బాబామెట్ట_భాయ్:
ఎందుకు లేరు, మా మామే ఒకడు. ఉర్సుకి రాడు, మర్నాడు బిర్యానీ మాత్రం పంపమంటాడు.

వంశధార76:
తార సంగతి ఎవరూ చెప్పడం లేదు.

రాజాం_అక్క:
ఇంతసేపూ చదివాను. దేవుడు ఒకడా ముగ్గురా అన్నది పక్కన పెట్టండి. మా తమ్ముడు ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టి ఆరేళ్లు. మొదటి ఏడాదే పైడితల్లమ్మ పండక్కి అమ్మ కొబ్బరిముక్క చేతిలో పెడితే, మెల్లిగా గట్టు మీద పెట్టేశాడు. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది కాసేపు. పోయినేడు అమ్మ పోతే తలకొరివి పెట్టనన్నాడు. మా బాబాయి కొడుకు పెట్టాడు. అన్నీ ఒకటే అని నేర్పేవాళ్లు వాడికి ఆ మాట ఎందుకు నేర్పలేదు?

కంటోన్మెంట్_మాస్టారు:
చూశారా! ఇదే నేను చెప్పేది. అన్నీ ఒకటే అనుకుంటే ఆ కొబ్బరిముక్క తినడానికి ఏం అడ్డం? ఈ చర్చిల వాళ్లు పిల్లల మనసులు విరిచేస్తున్నారు.

పలాస_జీడిపప్పు:
మాస్టారూ, నేనూ ఈ చర్చిల వాళ్లలో ఒకణ్ణే, ఇప్పటిదాకా నోరు మూసుకుని చదువుతున్నాను. మీ మాటకి అర్థం ఏంటో ఇప్పుడు తెలిసింది. అన్నీ ఒకటే అంటే అందరూ మీ పళ్లెంలోదే తినాలి అని. మీరెప్పుడైనా మా బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నారా? నేను తినకపోతే మనసులు విరిచేయడం, మీరు తినకపోతే ఆచారం. మా ఇంటి గృహప్రవేశానికి పక్కింటాయన వచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు, దాన్ని ఎవరూ చర్చకి పెట్టలేదు.

కంటోన్మెంట్_మాస్టారు:
నేను ఎవరింట్లోనైనా తింటాను. నన్ను ఆ పక్కింటాయనతో కలపొద్దు.

గారకుర్రోడు:
నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే, తేడాలు ఉన్నాయని ఒప్పుకుంటే

పలాస_జీడిపప్పు:
నువ్వు ఆగు తమ్ముడూ. నీకిది క్విజ్ పోటీ.
అక్కా, మీ తమ్ముడు అమ్మని కాదనలేదు. విగ్రహానికి పెట్టింది తినొచ్చా అన్న ప్రశ్న మా తొలి బోధకుల్లో ఒకడైన పౌలు రోజుల్లోనే వచ్చింది. విగ్రహం వట్టిదే, తిన్నా ఎక్కువా కాదు, తినకపోయినా తక్కువా కాదు, కానీ చూసేవాడి విశ్వాసం దెబ్బతింటుందంటే మానేయండి అని కొరింథు ఊరి క్రైస్తవులకి ఉత్తరం రాశాడు, బైబిల్లో ఉంది. మాలో ఇప్పటికీ తినేవాళ్లున్నారు, మానేవాళ్లున్నారు. నేను మానేశాను. మా అమ్మ దగ్గర మాత్రం రెండుసార్లు తిన్నాను, ఎవరికీ చెప్పలేదు.

రాజాం_అక్క:
వాడు ఒక్కసారైనా తిని ఉంటే బావుండేది తమ్ముడూ.
వచ్చే నెల అమ్మ సంవత్సరీకం. భోజనానికి వస్తానని ఫోన్ చేశాడు, ఆ ఒక్కటే చెప్పి పెట్టేశాడు. వంటంతా అయ్యాక వాడి వాటా ముందే తీసి పక్కన పెట్టనా?

పలాస_జీడిపప్పు:
పెట్టండి అక్కా. పిండాలకి ముందే తీస్తే తింటాడు.

కంటోన్మెంట్_మాస్టారు:
అలా తీయకూడదమ్మా, తద్దినం వంటలోంచి ముందు ఎవరికీ తీయరు. పెరట్లో ఇంకో పొయ్యి పెట్టి వాడికి వేరే వండు. మీ అమ్మ వాడికి ఏం చేసేది?

రాజాం_అక్క:
ఆనపకాయ పులుసు.

కంటోన్మెంట్_మాస్టారు:
అదే చెయ్యి.

వంశధార76:
సాలిహుండం సంగతి తేలలేదు ఇంకా. ఆదివారం వెళ్తున్నాను, గార నుంచి ఆటో దొరుకుతుందా?