అప్‌డేట్: 'పర్లాకిమిడి' అని వెతికితే దొరకని పుస్తకాలు దొరికాయి

ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి ప్రస్తావన ఉన్న పాత తెలుగు పుస్తకాల కోసం డిజిటల్ గ్రంథాలయాలలో వెతికితే రెండు మూడుకు మించి రావడం లేదని కిందటి నెలలో అడిగాను. ఊరి పేరును అప్పటివాళ్లు రాసినట్టే రాసి చూడమన్న మాష్టారికి ముందుగా నమస్కారాలు.

1936 ఏప్రిల్ 1 వరకు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది కనుక, అంతకు ముందరి పుస్తకాల వివరాలలో ఒడిశా అన్న మాట ఉండదని తెలిసి కూడా, 'ఒడిశా' అన్న ఫిల్టరు పెట్టి వాటిని నేనే తప్పించుకున్నాను. దాన్ని తీసివేసి, మద్రాసు కాలపు ఇంగ్లీషు స్పెల్లింగు 'పర్లాకిమెడి' ఇవ్వగానే జాబితా పెరిగింది.

అసలు చిక్కు వలపలగిలకతో, అంటే అక్షరానికి ముందు పలికే 'ర్'ను దాని కుడిపక్కన తెలుగు తొమ్మిది అంకెలా రాసే పాత గుర్తుతో వచ్చింది. పాత అచ్చులో 'పర్లా' అన్నది 'పలా౯' అని ఉంటుంది. స్కాను చేసిన పుటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు ఆ గిలకను ఒకచోట తొమ్మిది అంకెగా, మరొకచోట పొల్లుగా చదివింది. అందువల్ల పుస్తకపు టెక్స్టు ఫైలును దించుకొని, అందులో 'కిమిడి' అన్న తునకను మాత్రమే వెతికాను. చినకిమిడి, పెదకిమిడి కూడా కలిసి వచ్చాయి గానీ ఏరుకోవడం కష్టం కాలేదు.

మా ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల భాషకు 1931లో ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం మాత్రం 'సవర' అంటేనే వచ్చింది. శీర్షికలో ఆ భాషకే మరో పేరైన 'సోరా'లో దీర్ఘాలకు గుర్తుగా ఇంగ్లీషు అక్షరాల మధ్య కోలన్లు ఉన్నాయి, అవి లేకుండా వెతికితే ఆ సైటు పట్టుకోలేదు.