మోటో గుజ్జి 850 టి3: క్రోమ్ సిలిండర్లు పనికొస్తాయా?

ప్రశ్న:
జర్మనీలో 1976 టి3 బైకు ఒకటి చూశాను. చాలా ఏళ్లు షెడ్డులోనే ఉందట, సిలిండర్లు పాతవే. లోపలి క్రోమ్ పూత ఊడిందో లేదో కొనేముందే ఎలా తెలుస్తుంది? ఊడితే రీబోర్ (సిలిండరు లోపలి గోడను కొరిగి వెడల్పు చేయడం) చేయించొచ్చా?

జవాబు 1:
రీబోర్ కుదరదండీ. అది అల్యూమినియం మీద క్రోమ్ పూత, బోరు కొడితే పూతే పోతుంది. నిలిచిపోయిన బండిలో తేమ పూత కిందికి చేరి పొరలుగా లేపుతుంది. ఆ పెచ్చులు ఆయిల్‌లో కలిసి క్రాంక్ బేరింగులను గీరేస్తాయి. కంప్రెషన్ బాగుందని మురిసిపోకండి. ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించి, బోరు పైఅంచు చూడండి. ఆయిల్ దించి అయస్కాంతం పెడితే సరిపోతుందంటారు గానీ, క్రోమ్ దానికి అంటుకోదు.

జవాబు 2:
ఊడితే గిలార్డోని కంపెనీ వాళ్ల నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత) సిలిండర్ కిట్ వేయండి, 83 మి.మీ. బోరు. సిలిండరు, పిస్టన్ జతగానే కొనాలి, ఒక జతలోది ఇంకో జతలో కలపకూడదు. జర్మనీలో ఉన్నారు కాబట్టి స్టైన్-డిన్సే అనే విడిభాగాల షాపులో వెతకండి. సిలిండర్లు మార్చి ఊరుకుంటే లాభం లేదు బ్రో, క్రాంక్‌షాఫ్ట్‌లో మడ్డి చేరే గొట్టం బిళ్ల విప్పి కడగాల్సిందే. క్రోమంతా అక్కడే దాక్కుంటుంది.

జవాబు 3:
ఇంకోటి. టి3లో ఆయిల్ ఫిల్టర్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపల ఉంటుంది, వదులైతే బయటికి తెలీదు, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఫిల్టర్ చుట్టూ హోస్ క్లిప్ బిగించి, దాని స్క్రూ తల పక్కనున్న పోత లోహపు భాగానికి ఆనేలా తిప్పండి. ఇక తిరగదు. సంప్ గాస్కెట్ కొత్తదే వేయండి.