గుర్రపు నాడా పీతలు పౌర్ణమి నాడే ఒడ్డుకు వస్తాయా?

ప్రశ్న:
అమెరికాలోని డెలావేర్ అఖాతపు తీరానికి మే, జూన్ నెలల్లో గుర్రపు నాడా పీతలు పౌర్ణమి రాత్రుల్లో గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని చదివాను. వాటిని రప్పించేది వెన్నెలేనా? మబ్బు పట్టిన రాత్రి అవి రావా?

జవాబు 1:
వెన్నెలే కారణమైతే అమావాస్యకు అవి రాకూడదు, కాని అప్పుడూ వస్తాయి. ఆ రెండు తిథుల్లోనూ సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేసి పోటు బాగా ఎత్తుకు చేరుతుంది కనుక, ఆడపీత తన వీపును పట్టుకున్న మగపీతతో సహా తీరం పైభాగం దాకా వచ్చి, తడి ఇసుకలో గుంట చేసి, ఒక్కో విడతలో సుమారు 4,000 గుడ్లు పెట్టగలుగుతుంది. మామూలు అలలు పెద్దగా కదిలించని, అయినా తేమ ఆరని చోటు అది. కొన్ని వారాల తరువాత పిల్లలు మరో పెద్ద పోటుతో నీటిలోకి చేరతాయి.

జవాబు 2:
మబ్బు కంటే గాలిని చూడటం మేలు. అలలు ఉధృతంగా ఉన్న రాత్రి, పౌర్ణమి అయినా సరే, రాక బాగా తగ్గిపోతుంది. అన్నట్టు, ఇవి పేరుకే పీతలు. వీటి దగ్గరి బంధువులు సాలెపురుగులు, తేళ్లు.

జవాబు 3:
తరువాత వచ్చిన ఆడపీతలు తవ్వినప్పుడు పాత గుడ్లు పైకి తేలుతాయి. ఆర్కిటిక్‌కు వలస వెళ్లే రెడ్ నాట్ పక్షులకు అవే ప్రధానాహారం. చూడబోయేవారికి ఒక మాట: వెల్లకిలా పడిన పీతను తోక పట్టి లేపకుండా, పెంకు అంచు పట్టుకొని తిప్పాలి.