‘యాంకర్’ని తెలుగులో ఏమందాం? లంగరా, కుదురా, ప్రాసా?

ప్రశ్న: ఒక పరిచయ వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మన కణాల మీద రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఎంహెచ్‌సీ అణువులుంటాయి. కణం లోపలి ప్రొటీన్ల ముక్కల్ని, అంటే పెప్టైడ్లని, పైకి తెచ్చి టీ కణాలకు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలకు, చూపించడం వాటి పని. ఏ ముక్క ఏ ఎంహెచ్‌సీలో నిలుస్తుందో కంప్యూటర్‌తో ముందే అంచనా వేస్తారు. మొదటి తరగతి ఎంహెచ్‌సీలో ఇమిడే ముక్కకి సాధారణంగా తొమ్మిది అమైనో ఆమ్లాలు. అందులో ఒకటి రెండు చోట్ల సరైనవి పడితేనే అది నిలిచేది. ఆ చోట్లే యాంకర్ పొజిషన్లు. ‘యాంకర్’ అని అలాగే రాస్తే మైకు పట్టుకున్న మనిషి గుర్తొస్తున్నారు. ఏం చేయను?

జవాబు: లంగరు ఉండగా వెతుకులాట ఎందుకండీ?

జవాబు: లంగరు అంటే ఓడ, సముద్రం, గొలుసు. నాకైతే ‘కుదురు’ నచ్చుతుంది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట.

ప్రశ్న అడిగినవారు: మాట బాగుంది, కానీ తిరగబడుతోంది. కుదురు కింద ఉండేది, కుండ వచ్చి కూర్చునేది. ఇక్కడ ఎంహెచ్‌సీ గాడిలోని గుంట కుదురు అవుతుంది, అమైనో ఆమ్లం కుండ అవుతుంది. నాకు కావలసింది కుండ పేరు. ‘పాకెట్’ అనే మాటకి మాత్రం కుదురు వాడేసుకుంటాను, థాంక్స్!

జవాబు: ఛందస్సు వైపు చూశారా? మనుషుల్లోని హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే ఎంహెచ్‌సీ రకానికి రెండో చోట ల్యూసీనో మెథియొనీనో, చివర వాలీనో ల్యూసీనో ఇష్టం; ఇవన్నీ అమైనో ఆమ్లాలే. రెండో అక్షరం అనగానే మనకు గుర్తొచ్చేది ప్రాస కదా. చివరిది అంత్యప్రాస. 1991లో ఈ నియమం బయటపడిన తీరు కూడా అలాంటిదే. ఒకే రకం ఎంహెచ్‌సీ నుంచి ముక్కలన్నీ విడదీసి, కలగలుపుగానే వరస చదివారు. రెండో చోటు వచ్చేసరికి ఆ ఒకటి రెండు ఆమ్లాలే పైకి తేలాయి. నాలుగు పాదాలూ ఒకదాని కింద ఒకటి రాసి రెండో నిలువు వరస చూడటమే అది.

జవాబు: స్థానం చూస్తే ప్రాసే, గుణం చూస్తే యతి. ప్రాసలో అదే హల్లు రావాలి. ఇక్కడ చుట్టాలొచ్చినా చెల్లుతుంది. ఫ్లూ వైరస్ మ్యాట్రిక్స్ ప్రొటీన్ ముక్క చూడండి: జీ-ఐ-ఎల్-జీ-ఎఫ్-వీ-ఎఫ్-టీ-ఎల్ (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తు). రెండోది ఐసోల్యూసీన్. ల్యూసీన్‌లో ఉన్న పరమాణువులే, అమరిక వేరు. అయినా ఏ2 పట్టుకుంటుంది. క బదులు గ వచ్చినా యతి కుదిరినట్టు.

ప్రశ్న అడిగినవారు: భలే! మొదట్లో వచ్చిన ప్రోగ్రాములు కూడా ఒక్కో చోటుకీ ఒక్కో ఆమ్లానికీ మార్కులు వేసి కూడేవి, అచ్చం గణాలు లెక్కపెట్టినట్టు. ఒక చోటి ఆమ్లం ఇంకో చోటి దాని మీద ప్రభావం చూపుతుంది కాబట్టి తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. ఇరవై ఆమ్లాలతో తొమ్మిది అక్షరాల మాటలు 51,200 కోట్లు వస్తాయి మరి, అన్నీ ల్యాబ్‌లో పరీక్షించలేం. ఇంకో తిరకాసు: ముక్క అతుక్కోవడానికి ఎంత గాఢత కావాలో ప్రోగ్రాము అంకెలో చెబుతుంది; అది 500 నానోమోలార్ (గాఢతకి కొలత) కంటే తక్కువ వస్తే బాగా అతుక్కుంటుందని లెక్క. అంకె తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ. ‘స్కోరు’ అని రాస్తే పాఠకుడు తప్పుదారి పడతాడు. ఇంకో సంగతి, అతుక్కున్న ప్రతి ముక్కకీ టీ కణం స్పందించదు.

జవాబు: అయితే వ్యాసంలో ‘ప్రాసస్థానం’ అని పెట్టేస్తారా?

ప్రశ్న అడిగినవారు: పోలికగా ఒక పేరాలో వాడతాను, పేరుగా కాదు. రెండో తరగతి ఎంహెచ్‌సీ దగ్గర చెల్లదు. అక్కడ గాడి రెండు కొసలూ తెరిచి ఉంటాయి, పొడుగు ముక్క అటూ ఇటూ వేలాడుతుంది. లోపల కూర్చునే తొమ్మిదింటిలో 1, 4, 6, 9 చోట్లు ముఖ్యం. ఆ తొమ్మిది ఎక్కడ మొదలవుతాయో ముందు కనిపెట్టాలి.

జవాబు: పాదం ఎక్కడ మొదలో తెలియకుండా ప్రాస వెతకడమన్నమాట! లంగరే రాయండి.