ఇంజనీరింగ్ పిల్లలకు హ్యుమానిటీస్ క్లాసులు అవసరమా? (తిరుపతి - చిత్తూరు కాలేజీల వాళ్లు చెప్పండి)

పీలేరు కుర్రాడు
తిరుపతి దగ్గర ఓ ప్రైవేటు కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో ఏడు చదువుతున్నా. ఈ సెమిస్టర్‌లో 'సమాజం - సాంకేతికత' అని ఓ ఎలక్టివ్ అంటగట్టారు. పేరుకే ఎలక్టివ్, ఎంచుకోవడానికి ఇంకోటి ఇవ్వలేదు. శనివారం ఆఖరి రెండు గంటలు. సగం మంది ల్యాబ్ రికార్డు రాసుకుంటారు, సగం మంది కునుకు తీస్తారు. పోనీ మానేద్దామా అంటే అటెండెన్స్ 75 శాతం తగ్గితే కండొనేషన్ ఫీజు. ఆ టైములో వెరిలాగ్ (చిప్‌లు డిజైన్ చేసే కోడింగ్ భాష) నేర్చుకుంటే ఉద్యోగమన్నా వస్తుంది. ఇంజనీరుకు ఈ క్లాసు ఎందుకో ఒక్కరు సూటిగా చెప్పండి.

బగ్ ఫిక్సర్
నేను బీటెక్‌లో చదివిన మానవ విలువల పేపర్లో గుర్తున్నది ఇన్విజిలేటర్ ముఖం ఒక్కటే.

చెరువుగట్టు
నాయనా, ఇరిగేషన్‌లో 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టలోంచి నీళ్లు కారుతుంటే కింద ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట లెక్కలు ఏ సివిల్ కుర్రాడైనా వేస్తాడు. గొడ్డూగోదా వదిలి ముసలమ్మ ఎందుకు కదలనంటుందో, ఎవరి చేత చెప్పిస్తే వింటుందో ఏ కోడ్ పుస్తకంలో ఉంది?

ఇది ఇప్పటి గోల కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువుది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సినవి 12, ఉండకూడని దోషాలు 6 అని చెక్కించారు. కట్టలోంచి నీరు కారడం దోషం, చవుడు నేల దోషం. ఇవి సరే. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా దోషమే అన్నారు! అది ఇంజనీరింగా, రాజకీయమా? రాసినవాడు రెండూ విడదీయలేదు.

పీలేరు కుర్రాడు
శాసనం సంగతి బాగుంది సార్. కానీ అది ఇరిగేషన్ పేపరు చెప్పే సారే చెప్పొచ్చు కదా? దానికి వేరే పేపరు, వేరే ఇంటర్నల్స్ ఎందుకు? పైగా మాది ఈసీఈ. మేం చెరువులు తవ్వం.

చెరువుగట్టు
సెల్ టవర్లు పెడతారుగా. బడి పక్కన పెట్టబోతే ఊరంతా అడ్డంపడితే అప్పుడు ఏ వెరిలాగ్ చూపిస్తావు?

ఏర్పేడు రోడ్డు
అమెరికాలోని ఎంఐటీలో ఇంజనీరైనా సరే 8 హ్యుమానిటీస్ సబ్జెక్టులు చదవందే డిగ్రీ ఇవ్వరు. మన ఏర్పేడు ఐఐటీలోనూ ఆ విభాగం ఉంది.

బగ్ ఫిక్సర్
ఎంఐటీని, శనివారం ఆఖరి పీరియడ్‌ని ఒకే వాక్యంలో పెట్టకు అన్నా. అసలు లెక్క చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో మొత్తం 160 క్రెడిట్లు. అందులో హ్యుమానిటీస్‌కు 12. అంటే 7.5 శాతం. దీనికా ఇంత గొడవ?

ఏర్పేడు రోడ్డు
ఆ 12లో ఇంగ్లీషు, మేనేజ్‌మెంటు కూడా ఉన్నాయి. రాజ్యాంగం పేపరుకైతే క్రెడిట్లే లేవు.

బగ్ ఫిక్సర్
ఇంగ్లీషు కలిపినా తీసేసినా 12 అంటే 12.

గంటల మేడమ్
నేను ఇలాంటి క్లాసే చెబుతాను, వేరే కాలేజీలో. గంటకింతని ఇస్తారు, సెలవొస్తే అదీ లేదు. మా పేపరును శనివారం సాయంత్రానికి నెట్టేది మేము కాదు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ వాళ్లకు హాలు కావాలంటే ముందు మా క్లాసే ఎగిరిపోతుంది. పిల్లలు నిద్రపోతున్నారంటే సబ్జెక్టు దండగని అర్థమా?

పాకాల నాన్న
నా కూతురు కూడా బీటెక్కే. తోతాపురి కాయ ధర పడిపోయిన ఏడాది వడ్డీకి తెచ్చి ఫీజు కట్టాను. ఉద్యోగం రానీయండమ్మా, విలువలు మేం ఇంట్లో నేర్పుకుంటాం.

చెరువుగట్టు
అందరిదీ ఒకటే పాట. ప్యాకేజీ, ప్యాకేజీ. నాలుగేళ్లు చదివి నలుగురి ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పలేరు. మనుషుల్ని కాదు, మిషన్లను తయారు చేస్తున్నాం.

పీలేరు కుర్రాడు
నాలుగు మాటలా సార్? సరే, చెబుతాను. మీకు డిగ్రీ కాగానే సర్కారు కొలువు, ఇప్పుడు పింఛను. మాకు అది లేదు. అది పక్కన పెట్టండి.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ క్లాసులో అందరూ తలా ఐదు నిమిషాలు మాట్లాడాలన్నారు, ఇంగ్లీషులో. మా ఊరి పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం కొలిచే మిషను గురించి చెబుదామనుకున్నా. రెండు రోజులు రాసుకున్నా. మూడో వాక్యానికే మాట ఆగిపోయింది. ముందు బెంచీలో నవ్వారు. పదికి నాలుగు మార్కులు. సర్క్యూటు తప్పయితే ఏ వైరు తప్పో చూపిస్తారు. ఇక్కడ నా తప్పేంటో ఎవరూ చెప్పలేదు. సిటీ స్కూళ్ల నుంచి వచ్చిన వాళ్లు పుస్తకం తెరవకుండానే తొమ్మిది తెచ్చుకున్నారు. అది సమాజం పేపరు కాదు సార్, ఇంగ్లీషు పేపరు.

బగ్ ఫిక్సర్
ఈ ముక్క మొదటే చెప్పుంటే నేను క్రెడిట్లు లెక్కపెట్టేవాణ్ని కాదు కదబ్బా.

చెరువుగట్టు
నేను నీ ఒక్కడినీ అనలేదు నాయనా. అయినా సెమినార్‌లో నవ్వారని సబ్జెక్టే వద్దంటే ఎట్లా?

పీలేరు కుర్రాడు
వద్దనడం లేదు. ఎవరి కోసం పెట్టారని అడుగుతున్నా.

గంటల మేడమ్
బాబూ, నీ పాల మిషను టాపిక్ నా క్లాసులో ఒక్కరైనా తెచ్చి ఉంటే నేను ఎగిరి గంతేసేదాన్ని. అదే సంగతి తెలుగులో రాసి మీ మేడమ్‌కు ఇవ్వు.

పీలేరు కుర్రాడు
ఇస్తాను మేడమ్. సెమిస్టర్ పరీక్ష తెలుగులో రాయనిస్తారా?

ఏర్పేడు రోడ్డు
2021లోనే ఏఐసీటీఈ తెలుగులో బీటెక్‌కు అనుమతి ఇచ్చిందిగా?

గంటల మేడమ్
అనుమతి వేరు, ఈ పిల్లాడి కాలేజీ వేరు. లేదు బాబూ, పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి. అది నా చేతిలో లేదు, మీ మేడమ్ చేతిలోనూ లేదు.

పాకాల నాన్న
అబ్బాయ్, మాకూ రెండు ఆవులున్నాయి. ఇంతకీ ఆ మిషను గురించి ఏం చెబుదామనుకున్నావు?

పీలేరు కుర్రాడు
మా అమ్మ దాన్ని నమ్మదు సార్. అదే ఆవు, అదే మేత, పొద్దునొక శాతం, సాయంత్రం ఒక శాతం చూపిస్తుంది. పాలు పూట పూటకీ మారతాయి, మిషను తప్పు కాదమ్మా అని సెన్సార్ ఎట్లా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పా. అంతా విని ఒకటే అడిగింది. "మరి ఆ అంకెలు కనపడే అద్దం వాళ్ల వైపు ఎందుకు తిప్పి పెట్టారు?" అని.