అప్‌డేట్: మా ఊరి లైబ్రరీకి చందాలు ఎలా అడగాలని అడిగాను కదా

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు లేవని, చందాలు ఎలా పోగుచేయాలో చెప్పమని సంక్రాంతికి ముందు అడిగాను. "ముందు సెస్సు సంగతి చూడండి" అన్నారొకరు. అదే దారి చూపింది. సెస్సంటే మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వేసే గ్రంథాలయ సుంకం. 1960 చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఎంత జమైందో సమాచార హక్కు కింద అడిగాం. 30 రోజుల గడువులోపే జవాబొచ్చింది, సంస్థకు ఇంకా చేరాల్సిన బకాయి కొంత ఉందట. ఆ కాగితం పట్టుకుని ఇప్పటికి మూడుసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం, ఇంకా తిరుగుతాం.

పండక్కి హైదరాబాద్, వైజాగ్ నుంచి వచ్చినవాళ్లను మాత్రం డబ్బు అడగలేదు. లైబ్రేరియన్ గారు రాసిచ్చిన పుస్తకాల పట్టిక చూపించి, "ఇందులో ఒకటి కొనివ్వండి బాబూ" అన్నాం. 43 పుస్తకాలు వచ్చాయి! ప్రతిదానికీ స్టాంపు వేసి, రిజిస్టర్‌లో నంబరెక్కించి, అట్ట లోపల ఇచ్చినవాళ్ల పేరు రాశారు. నిన్న సాయంత్రం డీఎస్సీకి చదువుతున్న ఒకమ్మాయి కొత్త గణితం పుస్తకం ముందేసుకుని, లైట్లు ఆర్పేవరకూ లేవలేదు. చూసి నాకు కడుపు నిండిపోయింది.

వచ్చే నెల బెంచీల పని పెట్టుకున్నాం. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.