సస్పెండ్ నుంచి లేపితే వైఫై మాయం: 6.12 కెర్నెల్‌లో మొదలైన తేడా ఎక్కడిది?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. లైనక్స్ 6.6 కెర్నెల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏ పేచీ లేకుండా నడిచిన ల్యాప్‌టాప్, 6.12కి మారినప్పటి నుంచి సస్పెండ్‌లోంచి లేచాక వైఫై పోగొట్టుకుంటోంది. ప్రతిసారీ కాదు, కానీ రోజులో ఒక్కసారైనా తప్పదు. డ్రైవర్ మాడ్యూల్ తీసేసి మళ్లీ ఎక్కించినా లాభం లేదు, రీబూట్ చేస్తేనే కార్డు కనిపిస్తుంది. పోయినప్పుడు ఎల్ఎస్‌పీసీఐలో (పీసీఐ కార్డుల జాబితా చూపే కమాండ్) ఆ కార్డు పక్కన "రివ్ ఎఫ్ఎఫ్" అని పడుతోంది. డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ లాగ్‌లో, మొదట వచ్చే ఎర్ర లైన్ ఇది:

"అనేబుల్ టు చేంజ్ పవర్ స్టేట్ ఫ్రమ్ డీ3కోల్డ్ టు డీ0, డివైస్ ఇనాక్సెసిబుల్"

అంటే కరెంటు పూర్తిగా ఆపిన డీ3కోల్డ్ నుంచి మామూలుగా పనిచేసే డీ0కి కార్డు లేవలేదన్నమాట. ఆ తర్వాత వైఫై డ్రైవర్ పేరుతో పేజీల కొద్దీ ఎర్రర్లు. గ్రబ్ బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే మళ్లీ అంతా మామూలే. కాబట్టి కార్డు పాడైందని అనుకోను. వైఫై డ్రైవర్‌లో ఏం మారిందో వెతకాలా? ఇలాంటిది ఎవరైనా చివరిదాకా తేల్చారా?

సీరియల్_కన్సోల్
మారింది కెర్నెల్ ఒక్కటేనా అన్నది ముందు రూఢి చేసుకోండి. ఫర్మ్‌వేర్ ఫైళ్లు (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కెర్నెల్‌లో భాగం కావు, వేరే ప్యాకేజీలో వస్తాయి. అంతేకాదు, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అదే ఉన్నా, కొత్త కెర్నెల్‌లోని డ్రైవర్ అందులోంచి కొత్త ఫైలును ఎంచుకోవచ్చు. ఇంటెల్ వైఫై డ్రైవర్ చేసేది అదే: తనకు తెలిసిన అత్యధిక వెర్షన్ నుంచి కిందికి వెతుక్కుంటూ వస్తుంది. రెండు కెర్నెళ్లలోనూ బూట్ చేసి, డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ వెర్షన్ లైన్లు పక్కపక్కన పెట్టి చూడండి. బయటి మాడ్యూళ్లు ఏవైనా ఉంటే తీసేసి పరీక్షించండి. కెర్నెల్ "టెయింటెడ్" (బయటి కోడ్ కలిసింది) అని కనిపిస్తే మెయింటైనర్లు, అంటే ఆ కోడ్ బాధ్యతలు చూసేవాళ్లు, మొదట అడిగేది దాని గురించే.

అర్ధరాత్రి_బిల్డ్
గిట్ బైసెక్ట్ చేయండి అన్నా, వేరే దారి లేదు. బాగున్న వెర్షన్‌కీ చెడిన వెర్షన్‌కీ మధ్య సగం సగం చేస్తూ తప్పు తెచ్చిన మార్పును పట్టుకోవడమే అది. భయపడేంత పని కాదు. ఒక్కో కెర్నెల్ విడుదలలో పదమూడు, పద్నాలుగు వేల కమిట్లు (కోడ్ మార్పులు) ఉంటాయి. ప్రతి అడుగులో సగం పోతాయి కాబట్టి ఒక విడుదలకు పద్నాలుగు బిల్డుల్లోపే తేలిపోతుంది. 6.6 నుంచి 6.12 దాకా ఆరు విడుదలలున్నా, దానికి ఇంకో మూడు అడుగులే ఎక్కువ.

బిల్డ్ టైమ్ తగ్గాలంటే "మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్" వాడండి. అప్పటికి లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే ఉంచి మిగతావి తీసేస్తుంది. అది నడిపే ముందు మీరు వాడే యూఎస్‌బీ సామాన్లన్నీ గుచ్చి ఉంచండి, లేదంటే వాటి డ్రైవర్లు ఎగిరిపోతాయి. నేనైతే బైసెక్ట్‌ని వైర్‌లెస్ డ్రైవర్ల ఫోల్డర్‌కే పరిమితం చేస్తాను, అడుగులు తగ్గుతాయి.

ప్యాచ్_పద్మ
తమ్ముడూ, ఆ చివరి సలహా మాత్రం ఇక్కడ వద్దు. ఆ లాగ్ మళ్లీ ఒకసారి చూడు. డీ3కోల్డ్ లైన్ రాసింది పీసీఐ కోర్, అంటే పీసీఐ కార్డులన్నిటికీ ఉమ్మడిగా ఉండే కెర్నెల్ భాగం. వైఫై డ్రైవర్ అరుపులన్నీ దాని తర్వాత వచ్చినవే. కార్డుకు కరెంటే తిరిగి రాకపోతే ఏది చదివినా అన్నీ ఒకట్లే వస్తాయి, "రివ్ ఎఫ్ఎఫ్" అంటే అదే. ఫోల్డర్ హద్దు పెట్టి వెతికితే, తప్పు ఆ ఫోల్డర్ బయట ఉన్నప్పుడు కూడా బైసెక్ట్ ఏదో ఒక కమిట్‌ను చూపించి ఆగుతుంది. అది చూసి సంబంధం లేని డెవలపర్‌ని పట్టుకుంటాం.

దీనికి 2008 నాటి ఈ1000ఈ కథే సాక్ష్యం. 2.6.27 ఇంకా పరీక్షల దశలో ఉండగా, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల్లోని ఎన్‌వీఎం, అంటే కార్డు తన సెట్టింగులు దాచుకునే మెమరీ, చెరిగిపోవడం మొదలైంది. కార్డే పనికిరాకుండా పోయేది. అందరి వేళ్లూ నెట్‌వర్క్ డ్రైవర్ వైపే చూపించాయి, డిస్ట్రోలు తమ బీటాల్లో ఆ డ్రైవర్‌నే ఆపేశాయి. చివరికి తేలిన దోషి డైనమిక్ ఎఫ్‌ట్రేస్, కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో గమనించే సాధనం. అది ఫంక్షన్ల అడ్రసులు రాసిపెట్టుకుని తర్వాత అక్కడి కోడ్‌ను మారుస్తుంది. మాడ్యూళ్ల ఇనిట్ (మొదట్లో ఒక్కసారి నడిచే) కోడ్ పని అయిపోయాక ఆ మెమరీని కెర్నెల్ వదిలేస్తుంది. అదే అడ్రసుకు తర్వాత నెట్‌వర్క్ కార్డు ఫ్లాష్ మ్యాప్ అయ్యింది. పాత చిట్టా పట్టుకుని ఎఫ్‌ట్రేస్ అక్కడ కంపేర్ అండ్ ఎక్స్‌చేంజ్ (పాత విలువతో పోల్చి, కుదిరితే కొత్తది పెట్టడం) చేసింది. పోలిక కుదరకపోయినా ఆ ఇన్‌స్ట్రక్షన్ రాత జరుపుతుంది. మామూలు మెమరీలో దాంతో నష్టం లేదు, డివైస్ రిజిస్టర్‌లో మాత్రం సర్వనాశనం. 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ను ఆపేశారు. డ్రైవర్‌లో కూడా ఎన్‌వీఎంకి రాత రక్షణ పెట్టారు, అది మంచిదే. కానీ నెట్‌వర్క్ డ్రైవర్ కమిట్లు ఎన్నాళ్లు చదివినా అసలు కారణం దొరికేది కాదు.

కృష్ణాతీరం
సీరియల్ గారూ, ఫర్మ్‌వేర్ వెర్షన్ రెండింట్లోనూ ఒకటే. బయటి మాడ్యూళ్లు ఏవీ లేవు. పద్మ గారు చెప్పింది చదివాక బూట్ లైన్‌లో "పీసీఐఈ_పోర్ట్_పీఎం=ఆఫ్" (పీసీఐ పోర్టులను నిద్రపుచ్చకుండా ఆపే సెట్టింగ్) పెట్టి చూశాను. వైఫై పోవడం ఆగిపోయింది. వైఫై డ్రైవర్‌ని అసలు ముట్టుకోలేదు.

సీరియల్_కన్సోల్
చాలా మంచి ఆధారం దొరికింది. కార్డు పైన ఉన్న పోర్ట్‌ను నిద్రపుచ్చి లేపడంలోనే తేడా ఉందన్నమాట. దయచేసి ఇక్కడితో ఆగకండి. ఆ పారామీటర్ గ్రబ్‌లో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. వాళ్ల బ్యాటరీ త్వరగా అయిపోతుంది, అదే మోడల్ కొన్న తర్వాతివాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటారు. డిస్ట్రో ఫోరమ్‌లలో ఏళ్ల తరబడి తిరిగే "ఈ లైన్ పెట్టండి" చిట్కాల వెనక ఎవరూ రిపోర్ట్ చేయని బగ్గులు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే బాధేస్తుంది.

బైసెక్ట్ గురించి రెండు సంగతులు. మీరు వాడిన 6.6, 6.12 రెండూ స్టేబుల్ శాఖల్లోవి, అంటే విడుదలయ్యాక దిద్దుబాట్లు చేరుతూ వచ్చేవి. వాటినే గుడ్, బ్యాడ్ అని ఇస్తే, గిట్ ముందుగా అవి విడిపోయిన చోటు, అంటే అసలు 6.6ని పరీక్షించమంటుంది. అందుకని ముందే మెయిన్‌లైన్ (అసలు శాఖ) 6.6లో బాగుందని, 6.12లో పోయిందని చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉబుంటు వాళ్ల మెయిన్‌లైన్ బిల్డులు రెడీమేడ్‌గా దొరుకుతాయి, వాటితో ఏ రెండు విడుదలల మధ్య వచ్చిందో బిల్డ్ చేయకుండానే తేల్చుకోవచ్చు.

రెండోదే అసలు ప్రమాదం. మీ బగ్ ప్రతిసారీ రాదు. ఒకసారి సస్పెండ్ చేసి లేపి, వైఫై ఉంది కదా అని గుడ్ కొట్టారనుకోండి, అది నిజానికి బ్యాడ్ అయితే ఆ తర్వాతి అడుగులన్నీ తప్పు దారే. ఆర్‌టీసీవేక్‌ని (మెషీన్‌ను నిద్రపుచ్చి, చెప్పిన సమయానికి లేపే కమాండ్) లూప్‌లో పెట్టండి: నిద్రపోవాలి, ఇరవై సెకన్లకు లేవాలి, కార్డు ఉందో లేదో చూడాలి, మళ్లీ నిద్ర. బ్యాడ్ అనడానికి ఒక్కసారి పోతే చాలు. గుడ్ అనాలంటే మాత్రం రాత్రంతా తిరగనివ్వండి. ప్రతి అడుగు తర్వాత "గిట్ బైసెక్ట్ లాగ్"ని ఫైల్‌లో దాచండి. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ లైన్ తీసేసి "రీప్లే" చేయొచ్చు. సస్పెండ్‌తో సంబంధం లేని కారణంతో బూట్ కాని కెర్నెల్ తగిలితే బ్యాడ్ అనకండి, స్కిప్ చేయండి.

నల్లమల_నోడ్
సెక్యూర్ బూట్ (సంతకం లేని కెర్నెల్‌ను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే సొంతంగా కట్టిన కెర్నెల్ ఎక్కదు, అది కూడా చూసుకోండి. బూట్ పార్టిషన్ నిండకుండా పాత బిల్డులు తీసేస్తూ ఉండండి.

తేడా స్టేబుల్ అప్‌డేట్‌లోనే వచ్చి ఉంటే పని ఇంకా సులువు, రెండు పాయింట్ విడుదలల మధ్య కొన్ని వందల కమిట్లే ఉంటాయి. 2022లో 5.19.12 వచ్చినప్పుడు ఇంటెల్ గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌ల తెరలు తెల్లగా మినుకుమినుకుమన్నాయి. లాగ్‌లు చూసిన డ్రైవర్ డెవలపర్, ప్యానెల్‌కు కరెంటిచ్చే సమయాల లెక్కలు తప్పుగా ఉన్నాయని, తెరకే హాని జరగొచ్చని, ఇంటెల్ గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌లలో ఆ వెర్షన్ వాడొద్దని చెప్పాడు. రోజుల్లోనే 5.19.13 వచ్చేసింది. జనం లాగ్‌లతో సహా వెంటనే రిపోర్ట్ చేయబట్టే అంత త్వరగా ఆగింది.

కృష్ణాతీరం
బైసెక్ట్ పూర్తయింది. ఆగిన కమిట్ పీసీఐ వైపుదే, పోర్ట్ పవర్‌కు సంబంధించింది. వైర్‌లెస్ ఫోల్డర్‌లో ఒక్క లైన్ కూడా అది ముట్టుకోలేదు. తాజా మెయిన్‌లైన్‌లో సమస్య అలాగే ఉంది. దాని మీద ఆ ఒక్క కమిట్‌ని రివర్ట్ చేసి (వెనక్కి తీసేసి) రాత్రంతా లూప్ నడిపాను, తెల్లారేదాకా వైఫై ఉంది. ఇప్పుడు ఎవరికి రాయాలి?

ప్యాచ్_పద్మ
శభాష్! రివర్ట్ చేసి చూడటంతో మీ రిపోర్ట్‌కి బలం వచ్చింది. "గెట్ మెయింటైనర్" స్క్రిప్ట్‌కి ఆ ఫైల్ పేరు ఇవ్వండి, ఎవరికి, ఏ లిస్ట్‌కి పంపాలో అది చెబుతుంది. కమిట్ రాసినవారిని, కెర్నెల్ రిగ్రెషన్ల (ముందు పనిచేసింది కొత్త వెర్షన్‌లో చెడిపోవడం) మెయిలింగ్ లిస్ట్‌ని కూడా సీసీలో పెట్టండి. సబ్జెక్ట్ "రిగ్రెషన్" అన్న మాటతో మొదలవ్వాలి. మెయిల్‌లో "#రెగ్‌జ్‌బాట్ ఇంట్రడ్యూస్డ్" లైన్ రాసి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే సుమండీ) కమిట్ ఐడీ ఇస్తే, ట్రాకర్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, మరుగున పడదు. మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉండాలి, హెచ్‌టీఎంఎల్ అయితే లిస్ట్ సర్వర్ తిప్పికొడుతుంది. రెండు కెర్నెళ్ల పూర్తి డీమెసేజ్, "ఎల్ఎస్‌పీసీఐ -వీవీ" అవుట్‌పుట్, బైసెక్ట్ లాగ్ జతచేయండి. ల్యాప్‌టాప్ మోడల్, బయోస్ వెర్షన్ తప్పకుండా రాయండి.

ఇంగ్లిష్ బాగా రాదని వెనకాడేవాళ్లు మన ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం కూడా చెబుతున్నా: నాలుగు పొట్టి వాక్యాలు చాలు. ఫలానా వెర్షన్‌లో పనిచేసింది, ఫలానా దాంట్లో చేయట్లేదు, బైసెక్ట్ ఈ కమిట్ చూపించింది, రివర్ట్ చేస్తే బాగుంది. పనిచేసేదాన్ని చెడగొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ మొదటి నుంచీ పట్టుబట్టే నియమం. బైసెక్ట్ చేసిన రిపోర్ట్‌ను ఆ లిస్టుల్లో ఎవరూ చిన్నచూపు చూడరు.

కృష్ణాతీరం
మెయిల్ పంపాను. మెయింటైనర్ ముందు ఇంకొన్ని లాగ్‌లు అడిగారు, తర్వాత చిన్న ప్యాచ్ పంపారు. పూర్తిగా రివర్ట్ చేయకుండా, పోర్ట్ లేచాక లింక్ సిద్ధమయ్యేదాకా ఆగేలా రాశారు. అదే లూప్‌తో పరీక్షించాను, కార్డు ఒక్కసారి కూడా పోలేదు. పరీక్షించానని చెప్పే "టెస్టెడ్-బై" లైన్ ఇచ్చాను. బూట్ పారామీటర్ తీసేశాను. డిస్ట్రో కెర్నెల్‌లోకి ఇది ఎప్పుడు వస్తుందంటారు?

సీరియల్_కన్సోల్
ముందు మెయిన్‌లైన్‌లో చేరాలి. ప్యాచ్‌లో ఏ కమిట్‌ను సరిచేస్తోందో చెప్పే "ఫిక్సెస్" ట్యాగ్, స్టేబుల్‌లోకి తీసుకోమని అడిగే స్టేబుల్ సీసీ రెండూ ఉన్నాయేమో చూడండి. ఉంటే మెయిన్‌లైన్‌లో పడ్డాక 6.12 స్టేబుల్‌లోకి తీసుకుంటారు, అక్కడి నుంచి మీ డిస్ట్రోకి వస్తుంది. స్టేబుల్ సీసీ లేకపోతే అదే మెయిల్ దారంలో మర్యాదగా అడగండి. ఈలోగా ప్యాచ్ వేసుకున్న ఆ కెర్నెల్‌నే వాడుతూ ఉండండి. ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఇక్కడ కూడా రాస్తే, అదే బాధతో వెతికేవాళ్లకు ఈ చర్చ దొరుకుతుంది.